తెర వచ్చింది, టీచరేరీ?

గత నెల మా కార్యాలయానికి ఒక ఉత్తరం వచ్చింది. నోటుపుస్తకం కాగితాలు ఆరు, రెండు వైపులా తెలుగులో రాసినవి; మధ్యమధ్య కొన్ని మాటలు మాత్రం ఉర్దూ లిపిలోనే ఉన్నాయి. రాసిన సోదరి ఉర్దూ మాధ్యమంలో బీఎడ్ రెండో సంవత్సరం చదువుతోంది. బీఎడ్ రెండేళ్ల కోర్సుగా మారిన తరువాత విద్యార్థులు బడిలో గడపవలసిన కాలం 20 వారాలైంది. అందులో 16 వారాలు రెండో ఏడాదిలోనే. ఆ 16 వారాలు ఆమె ఒక జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఉర్దూ మాధ్యమ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధించింది. తరగతి గదిలో సాంకేతిక పరిజ్ఞానంపై నీ అభిప్రాయాలేమిటో వ్యాసం రాయమని కళాశాలలో అడిగితే మూడు పేజీలు రాసి ఇచ్చి మార్కులు తెచ్చుకుందట. అందులో రాయలేకపోయిన సంగతులు మాకు రాసింది. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరింది. రేపు డీఎస్సీ రాయవలసిన మనిషి. ఆమె జాగ్రత్త మనకు అర్థమవుతుంది.

ఆమె వెళ్లిన నెలలోనే ఆ బడికి గోడంత డిజిటల్ బోర్డు వచ్చింది. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు దుపట్టా కొంగులతో దాని దుమ్ము తుడిచారు. కిరణజన్య సంయోగక్రియ పాఠం. తెర మీద ఆకు విచ్చుకుంది, సూర్యకాంతి పడింది, ఆక్సిజన్ బుడగలు పైకి లేచాయి. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. కానీ తెర మీది గొంతు 'ఫొటోసింథసిస్' అంటోంది. పిల్లల చేతుల్లోని పాఠ్యపుస్తకం 'జియాయీ తాలీఫ్' అంటోంది. వాళ్లు ఇంట్లో మాట్లాడే దక్కనీలో ఈ రెండు మాటలూ లేవు. ఆ సోదరి వీడియో శబ్దం ఆపేసి, తానే పక్కన నిలబడి, ఆకు అన్నం వండుకునే కథగా దక్కనీలో చెప్పింది. తరువాత పుస్తకంలోని మాటకూ, పరీక్షలో, పై చదువుల్లో ఎదురయ్యే ఇంగ్లీషు మాటకూ ముడి వేసింది. ఉర్దూ మాట రాద్దామని చూస్తే ఆ బోర్డులో ఉర్దూ అక్షరాల కీబోర్డు లేదు. చివరికి పక్కనున్న నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసింది. లక్షలు పోసి కొన్న తెర పక్కన రూపాయి సుద్దముక్క ఆ పూట పాఠాన్ని నిలబెట్టింది.

ఆమె యంత్రాన్ని తిట్టలేదని పాఠకులు గమనించాలి. ఆకులో జరిగే పనిని, గుండె కొట్టుకునే తీరును కదిలే బొమ్మల్లో చూపించగలగడం తన చిన్నప్పుడు తనకు దక్కని భాగ్యమని రాసింది. "నా బదులు పాఠం చెప్పే యంత్రం నాకు వద్దు. నేను చెప్పే పాఠానికి చేతికందే యంత్రం కావాలి" అన్నది ఆమె మాట. ఈ రెండింటికీ మధ్యనున్న తేడా మన ప్రభుత్వాలకు పట్టడం లేదని ఉత్తరంలోని తరువాతి పేజీ చదివితే తెలుస్తుంది.

ఆ బడిలో గణితం పోస్టు ఖాళీగా ఉంది. బోర్డు వచ్చిన వారం నుంచి గణితం పీరియడ్‌లో పిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టి వీడియో పాఠాలు పెట్టడం మొదలుపెట్టారు. పాఠం పిల్లలకు రాని భాషలో, ఆపి అడిగేందుకు మనిషి లేని గదిలో. బీజగణితంలో ఒక మెట్టు తప్పితే తరువాతి మెట్లన్నీ తప్పుతాయి. తెరకు ఆ సంగతి తెలియదు, అది ముందుకు సాగిపోతుంది. పిల్లల్ని అదుపులో ఉంచేందుకు జీవశాస్త్రం శిక్షణకు వచ్చిన ఈ సోదరినే కాపలా కూర్చోబెట్టారు. తనిఖీకి వచ్చిన అధికారి 'డిజిటల్ తరగతి జరుగుతోంది' అని రాసుకొని వెళ్లాడట. రిజిస్టరులో ఖాళీ ఒకటి అలా కనిపించకుండా పోయింది.

మన అభ్యంతరమంతా ఇక్కడే. డిజిటల్ సదుపాయం ఉపాధ్యాయుడి చేతికి బలం కావాలి; ఉపాధ్యాయుడు లేడన్న నిజాన్ని కప్పే పరదా కాకూడదు. ఉర్దూ మాధ్యమ పోస్టుల ఖాళీల కథ పాతదే. ప్రతి డీఎస్సీలోనూ రోస్టరు ప్రకారం ఎస్సీ, ఎస్టీ వర్గాలకూ, కొన్ని బీసీ ఉపవర్గాలకూ కేటాయించిన ఉర్దూ పోస్టులకు ఆ భాష చదివిన అభ్యర్థులు దొరకరు. పోస్టులు ఖాళీగా మిగులుతాయి, తరువాతి నోటిఫికేషన్‌కు బదిలీ అవుతాయి, మళ్లీ మిగులుతాయి. అర్హులైన ఉర్దూ అభ్యర్థులు బయట నిలబడి వయోపరిమితి దాటిపోతుంటారు. ఒక మాట స్పష్టంగా చెప్పాలి: దళిత, గిరిజన సోదరుల రిజర్వేషన్ నుంచి ఒక్క ఉద్యోగం కూడా తగ్గాలని మనం కోరడం లేదు. వారి వాటా అదే జిల్లాలో తెలుగు మాధ్యమ పోస్టుల్లో సర్ది, ఉర్దూ పోస్టులను ఉర్దూ చదివినవారితో నింపమంటున్నాం. ఇది ఎవరికీ నష్టం లేని పని. చేయడానికి కావలసింది సంకల్పం మాత్రమే.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ ప్రకారం ఏ ప్రభుత్వ బడిలోనూ ఉపాధ్యాయ ఖాళీలు మంజూరైన పోస్టుల్లో పది శాతానికి మించరాదు. అదే చట్టం 29వ సెక్షన్ బోధన వీలైనంతవరకు పిల్లల మాతృభాషలో ఉండాలంటుంది. రాజ్యాంగంలోని 350-ఏ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధన కల్పించే బాధ్యతను రాష్ట్రాలపై ఉంచింది. తెలంగాణ 2017లో రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాషగా ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ 2022లో ఆ పని చేసింది. రెండో అధికార భాషకు బడిలోని బోర్డు మీద కీబోర్డు లేకపోవడం గురించి ఎవరిని అడగాలి?

ఇక్కడ లిపి గురించి కొంచెం చెప్పుకోవాలి. ఉర్దూ పిల్లలు బడిలో నేర్చుకునేది నస్తాలీక్ రాత. అక్షరాలు ఒకదాని భుజం మీద ఒకటి వాలుతూ ఏటవాలుగా దిగుతాయి. దాన్ని యంత్రానికి నేర్పడం ఎంత కష్టమంటే, 1980ల దాకా ఉర్దూ పత్రికలు కాతిబుల చేతిరాతతోనే అచ్చయ్యేవి. చెన్నైలో 1927లో మొదలైన 'ది ముసల్మాన్' అయితే ఈ శతాబ్దంలోకి వచ్చాక కూడా చేతిరాతనే నమ్ముకుంది. కంప్యూటర్లు వచ్చాక చాలా పరికరాల్లో ఉర్దూను అరబ్బీ తరహా నస్ఖ్ రాతలో చూపడం మొదలైంది. పెద్దలు చదివేస్తారు, కొత్తగా అక్షరాలు కూడబలుక్కునే మూడో తరగతి పిల్లవాడు తడబడతాడు. పాత సాఫ్ట్‌వేర్లలో కూర్చిన ఉర్దూ పాఠాలు యూనికోడ్‌లో లేవు కనుక వెతికితే దొరకవు, చూపులేని పిల్లలకు యంత్రం చదివి వినిపించలేదు. తెలుగు పత్రికల వాళ్లం ఈ బాధ ఎరగనివాళ్లం కాము; అను ఫాంట్లలో కూర్చిన మన పాత సంచికలు ఈనాటికీ ఇంటర్నెట్‌లో వెతికితే కనిపించవు. తెలుగుకు ఆ కష్టం చాలావరకు తీరింది. ఉర్దూకు కూడా యూనికోడ్ నస్తాలీక్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. బోర్డులు కొనే టెండరులో 'ఉర్దూ కీబోర్డు, నస్తాలీక్ ఫాంటు ఉండాలి' అని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. ఆ వాక్యం రాసే చోట ఉర్దూ తెలిసినవారు కూర్చోవడం లేదు.

పాఠాల కొరత మాత్రం నిజం. కేంద్రం 2017 సెప్టెంబరు 5న ప్రారంభించిన దీక్షా వేదికలో ఉర్దూకు చోటుంది. హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉపాధ్యాయులను తయారుచేస్తోంది, వీడియో పాఠాలనూ నిర్మిస్తోంది. అయినా పదో తరగతి పిల్లవాడికి తన రాష్ట్ర పాఠ్యపుస్తకానికి సరిపోయే పాఠం, తన యాసకు దగ్గరగా ఉన్న గొంతులో కావాలంటే వెతుకులాట తప్పదు. ఈ సోదరి తన పాఠాలు పదకొండింటిని ఫోన్‌తో తీసి పిల్లలకు పంచింది. శిక్షణ పొందుతున్న ప్రతి ఉర్దూ బీఎడ్ విద్యార్థీ ఆ పని చేసి, విశ్వవిద్యాలయం వాటిని సరిచూసి ఒకచోట పెడితే ఎలా ఉంటుందని ఆమె అడిగింది. మాకు ఆ ఆలోచన బాగుంది. విద్యాశాఖకు ఇది దాదాపు ఖర్చులేని పని.

ఆ బడిలో కంప్యూటర్ల గది కూడా ఉంది. యంత్రాల మీద ప్లాస్టిక్ కవర్లు, తలుపుకు తాళం, తాళంచెవి ప్రధానోపాధ్యాయుడి బీరువాలో. ఇది ఒక్క బడి కథ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చినప్పుడు ప్రైవేటు సంస్థలు ఐదేళ్లు నడిపి తరువాత బడికి అప్పగించే ఒప్పందం జరిగింది. ఐదేళ్లు నిండాయి. బోధకులు ఇళ్లకు వెళ్లిపోయారు, గదులకు తాళాలు పడ్డాయి. ఇప్పటి సమగ్ర శిక్షా పథకంలో కూడా ల్యాబుల నిర్వహణ ఖర్చుకు లెక్క ఐదేళ్లకే. ఆ తరువాత కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, పాడైన బ్యాటరీ ఎవరు మార్చాలి అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. పాడైతే తన మెడకు చుట్టుకుంటుందని ప్రధానోపాధ్యాయుడు తాళం వేస్తాడు. ఆయన భయంలో న్యాయం లేకపోలేదు. ఆ భయం కలిగించే నిబంధన మారాలి. దేశంలో 2023-24 యూడైస్ లెక్కల ప్రకారం పనిచేసే కంప్యూటర్లున్న బడులు 57.2 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 53.9 శాతం. ఈ లెక్కలు వస్తువుల గురించి చెబుతాయి. ఆ గది తాళం వారానికి ఎన్ని గంటలు తెరుచుకుంటుందో చెప్పవు.

బడి సంగతి అలా ఉంచి మన ఇళ్లలోకి వద్దాం. ఈ భాగం రాయడానికి ఆ సోదరి కూడా తటపటాయించింది, మేమూ తటపటాయించాం. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఎవరికి ఉందని ఆమె తరగతిలో అడిగితే దాదాపు అన్ని చేతులూ లేచాయి. మగ్రిబ్ తరువాత చదువుకోవడానికి ఆ ఫోన్ ఎవరి చేతికి వస్తుందని అడిగితే లేచిన చేతులు బహు కొద్ది. లేచినవాళ్లలో చాలామంది ఇంట్లో అన్నదమ్ములు లేనివాళ్లు. దేశం మొత్తం మీద గ్రామాల్లో కూడా తేడా ఇలాగే ఉందని అసర్ 2024 నివేదిక చెబుతోంది: 14-16 ఏళ్ల పిల్లల్లో దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది, వాడటం వచ్చినవారిలో స్వంత ఫోన్ ఉన్నవారు అబ్బాయిల్లో 36.2 శాతం కాగా అమ్మాయిల్లో 26.9 శాతమే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం, పురుషులు వరుసగా 48.8, 57.9 శాతం. ఇవి అన్ని మతాలవారికీ కలిపిన లెక్కలు. కనుక ఇది మన సమాజానికే అంటిన జాడ్యమని వేలెత్తి చూపేవారికి తావు లేదు. అలాగని మనకు తప్పించుకునే వీలూ లేదు.

తల్లిదండ్రుల భయాన్ని మేము కొట్టిపారేయడం లేదు. ఫోన్‌లో పాఠంతో పాటు పనికిమాలినదీ వస్తుంది, మోసగాడూ వస్తాడు. ముస్లిం ఆడపిల్లల ఫొటోలను వేలానికి పెట్టినట్టు చూపిన యాప్‌లను 2021, 2022లలో ఈ దేశం చూసింది. భయపడే తల్లిది వట్టి చాదస్తమని ఎవరనగలరు? కానీ అదే భయం కొడుకు ఫోన్ తీసుకున్నప్పుడు ఎందుకు కలగదన్నది ఆ సోదరి ప్రశ్న. ఆమె తనకు తెలిసిన ఒక ఉపాయం కూడా రాసింది: ఇషా దాకా ఫోన్ ఇంటి నడిగదిలోనే ఉండాలి, మొదటి గంట అమ్మాయిది, రెండో గంట అబ్బాయిది, ఎవరు చూస్తున్నా తల్లి పక్కన కూర్చోవచ్చు. తల్లికి అక్షరాలు రాకపోతే కూతురే నేర్పుతుందట. ఆ ఇల్లు ఆమెదేనని మాకు అనిపించింది.

కేరళలోని కోజికోడ్ జిల్లాలో ఇలాంటి తగాదాయే హైకోర్టు దాకా వెళ్లింది. ఒక కళాశాల మహిళా హాస్టల్లో సాయంత్రం 6 నుంచి 10 గంటల వరకు మొబైల్ ఫోన్లు అప్పగించాలని నియమం పెట్టారు. ఫహీమా షిరీన్ అనే బీఏ విద్యార్థిని చదువుకునే వేళల్లో ఫోన్ లాక్కుంటే ఎలా అని ఒప్పుకోలేదు. హాస్టల్ నుంచి పంపించివేశారు. ఆమె కోర్టుకు వెళ్లింది. 2019 సెప్టెంబరు 19న జస్టిస్ పి.వి. ఆశ తీర్పు ఇస్తూ ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ, 21వ అధికరణం కింద గోప్యతా హక్కులోనూ భాగమన్నారు; ఆమెను తిరిగి చేర్చుకోవాలన్నారు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు బ్యాంకు ఖాతాలకు అవసరమైన కేవైసీలో పడుతున్న ఇబ్బందులపై తీర్పు చెబుతూ, డిజిటల్ అందుబాటు జీవించే హక్కులో అంతర్భాగమని ప్రకటించింది.

తీర్పులు కాగితం మీద హక్కునిస్తాయి. ప్రభుత్వం తలచుకుంటే ఆ తీగను తెంపగలదన్నదీ మరువరాదు. కశ్మీర్‌లో 2019 ఆగస్టు 5న తెగిన వేగవంతమైన ఇంటర్నెట్ 2021 ఫిబ్రవరిలో గానీ పూర్తిగా తిరిగి రాలేదు. మధ్యలో కోవిడ్ వచ్చి బడులు మూతపడితే అక్కడి పిల్లలు 2జీ మీద పాఠాలు వినవలసి వచ్చింది. సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో అక్కడి ప్రైవేటు పాఠశాలల సంఘం కూడా ఉంది.

తెలంగాణ మైనారిటీ గురుకులాల సంగతి వేరుగా చూడాలి. 2016లో 71 పాఠశాలలతో మొదలై 204కు పెరిగిన ఈ ఇంగ్లీషు మాధ్యమ సంస్థలు మన ఆడపిల్లల చదువుకు చేసిన మేలు కాదనలేనిది. అక్కడ పిల్లల దగ్గర ఫోన్ ఉండదు. అందువల్ల సాయంత్రం చదువు గంటల్లో కంప్యూటర్ గది తెరిచి ఉంచడం గురుకులాల బాధ్యత అవుతుంది. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో తెలుగు మాధ్యమంలో చదివే దూదేకుల, ఇతర ముస్లిం కుటుంబాల పిల్లలకు లిపి చిక్కు లేదు. తాళం చిక్కు, ఖాళీల చిక్కు ఉన్నాయి. స్కాలర్‌షిప్ దరఖాస్తు కూడా ఆన్‌లైన్‌లోనే పెట్టాలి కనుక, బడిలో తెరుచుకోని ఆ గది కోసం తండ్రి ఒక పూట కూలి మానుకొని నెట్ సెంటర్ ముందు నిలబడుతున్నాడు.

బస్తీల్లో పనిచేసే మిత్రులు వెంటనే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ కింద ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. సభ్యుల్లో సగం మంది మహిళలు. ఆ సమావేశంలో ల్యాబు తెరిచే వేళలు తీర్మానం రాయించవచ్చు. ఎన్ని పరికరాలు వచ్చాయి, ఎన్ని పనిచేస్తున్నాయి, ఏ సబ్జెక్టు పోస్టు ఎప్పటి నుంచి ఖాళీ, ఆ పీరియడ్‌లో ఏం జరుగుతోంది అన్నవి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. చివరి ప్రశ్న తప్పక అడగండి. జవాబులో 'డిజిటల్ బోధన' అని వస్తే ఆ కాగితం భద్రపరచండి. 26వ సెక్షన్ ఉల్లంఘనకు అదే సాక్ష్యం.

మా వంతుగా, రెండు రాష్ట్రాల్లోని పాఠకులు తమ బస్తీ బడి గురించి పంపే ఇలాంటి వివరాలను వచ్చే సంచిక నుంచి పట్టికగా ప్రచురించాలని నిశ్చయించాం. బడి పేరు వేస్తాం, పంపినవారి పేరు వేయం.

ఉత్తరం చివరి కాగితంలో ఆ సోదరి శిక్షణ ముగిసిన రోజు గురించి రాసింది. తొమ్మిదో తరగతి పిల్లలు ఆమెకు ఒక పెన్ను ఇచ్చారు. గణితం పీరియడ్‌లో ఆమె ఖాళీగా కూర్చోలేక, తనకు వచ్చినంత బీజగణితం తెర ఆపి ఆపి చెప్పేదట. వెళ్లిపోతుంటే ఒక పిల్ల అడిగింది: "బాజీ, రేపటి నుంచి దాన్ని ఆపేదెవరు?"